పురిటి శౌచం ఎవరి కోసం?

బిడ్డ పుట్టిన తరువాతి పది రోజులను తెలుగు ఇళ్ళలో పురుడు అంటారు. ధర్మశాస్త్రాలు ఆ స్థితినే జాతాశౌచమనీ, సూతకమనీ వ్యవహరించాయి. కొత్త ప్రాణం ఇంటికి రావడం శుభమైనప్పుడు ఆ శుభాన్ని వెన్నంటి అశౌచం ఎందుకు వస్తుందన్నది ఈ ఆచారంలో ఇమిడి ఉన్న తాత్త్విక ప్రశ్న. దానికి ఇచ్చుకునే సమాధానాన్ని బట్టే బాలింతనూ పసికందునూ ఆ ఇల్లు ఎలా చూస్తుందన్నది తేలుతుంది కాబట్టి, ఇది పండితుల చర్చకు వదిలేయదగిన విషయం కాదు.

ముందుగా అశౌచమనే మాటకు అర్థం చూడాలి. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్యానం రాసిన విజ్ఞానేశ్వరుడు అశౌచాన్ని నిర్వచిస్తూ, అది కాలం వల్లా స్నానం మొదలైనవాటి వల్లా తొలగిపోయే, మనిషిని ఆశ్రయించి ఉండే ఒక విశేషమన్నాడు. ఒంటికి అంటిన మురికి నీటితో పోతుంది, రోజుల లెక్కతో పోదు. తొలగించే సాధనాల్లో కాలాన్ని కూడా చేర్చడంలోనే అశౌచం వేరు, మాలిన్యం వేరు అన్న వివేకం కనిపిస్తుంది.

ఈ వివేకాన్ని బలపరిచే మరో నియమం ఉంది. బిడ్డ పుట్టగానే తండ్రి చేయవలసిన జాతకర్మ అనే సంస్కారాన్ని బొడ్డు కోయడానికి ముందే జరపాలని మనుస్మృతి విధించింది. బొడ్డుతాడు తెగేదాకా సూతకం ప్రవేశించదని నిబంధకారులు, అంటే ధర్మశాస్త్ర వచనాలను సంకలనం చేసి సమన్వయించిన పండితులు, చెప్పారు. ప్రసవ రక్తమే అశౌచానికి కారణమైతే అది ప్రసవంతోనే మొదలు కావాలి. కాని శాస్త్రం దాన్ని తల్లీబిడ్డలు రెండు దేహాలుగా విడివడే క్షణంతో ముడిపెట్టింది. అప్పటిదాకా తల్లి ఊపిరితో, తల్లి రక్తంతో బతికిన ప్రాణి తనంతట తాను బతకవలసిన ఘడియ అది. ఆ తరువాతి పది రోజులను లోకవ్యవహారం నుంచి వేరుచేసి, ఇంటివారి చూపును ఆ ఇద్దరి మీదే నిలిపే గడువుగా పురుడును అర్థం చేసుకోవడానికి శాస్త్రంలోనే ఇంత ఆధారం ఉంది.

ఆయుర్వేదం చూపు కూడా ఇటువైపే ఉంది. చరకసంహిత శారీరస్థానంలోని ఎనిమిదవ అధ్యాయం బొడ్డును నాభి నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, బంగారంతోనో వెండితోనో ఇనుముతోనో చేసిన పదునైన సాధనంతో కోయాలంటుంది. బిడ్డ పక్క, బట్టలు మెత్తగా, తేలికగా, శుభ్రంగా ఉండాలనీ, కొత్తవి దొరకనప్పుడు పాతవాటినే బాగా ఉతికి, ధూపం వేసి, ఆరబెట్టి వాడాలనీ చెబుతుంది. పది పన్నెండు రోజులపాటు ఆప్తులు మేలుకొని కాపలా కాయాలంటుంది. ఏడ్చే బిడ్డను రాక్షసుల, పిశాచాల పేర్లు చెప్పి భయపెట్టకూడదని కూడా హెచ్చరిస్తుంది. ఈ జాగ్రత్తలన్నిటిలో ప్రమాదం బయటినుంచి లోపలికి వచ్చేదే తప్ప, తల్లి నుంచి లోకానికి సోకేది కాదు.

ఆచారం మాత్రం కాలక్రమంలో ఈ దిశను తలకిందులు చేసింది. కాపాడవలసిన బాలింత చాలా ఇళ్ళలో అంటరాని మనిషై గాలీ వెలుతురూ లేని మూలగదికి చేరింది. ప్రసవం చేసి బొడ్డు కోసిన మంత్రసానిని ఆ సేవ కారణంగానే తక్కువగా చూశారు. రోగనిరోధక శక్తినిచ్చే ముర్రుపాలను చెడుపాలని పిండి పారబోశారు. ప్రమాదం నిజానికి ఎటునుంచి వస్తుందో 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ చూపించాడు. వైద్యులూ విద్యార్థులూ శవపరీక్షల నుంచి నేరుగా ప్రసవాల గదికి వచ్చే విభాగంలో ఆ ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు మరణించగా, క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడగడం తప్పనిసరి చేశాక జూన్ నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు దిగింది. దోషం తాకిన చేతిలో ఉంది, తాకించుకున్న తల్లిలో లేదు.

ఆరవ రాత్రి షష్ఠీదేవిని పూజించి జాగారం చేసే ఆచారాన్ని కూడా ఈ వెలుగులో చూడవచ్చు. శుభ్రం లేని సాధనంతో బొడ్డు కోసినప్పుడు, లేదా బొడ్డుకు పేడ, బూడిద వంటివి పూసినప్పుడు సోకే ధనుర్వాతం సాధారణంగా మూడో రోజుకూ పద్నాలుగో రోజుకూ నడుమ బయటపడుతుంది. తరతరాల తల్లుల భయం ఆ రాత్రిని దేవతకు అప్పగించింది. తల్లికి వేసే టీకా, శుభ్రమైన బ్లేడు, ఆసుపత్రి ప్రసవం ఆ మొక్కుకు ఫలితాన్ని తెచ్చాయి. తల్లులలో, నవజాత శిశువులలో ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

ఇలా విచారిస్తే సంప్రదాయం కూలిపోతుందని శంకించేవారికి, సంస్కారానికి ప్రాణం సంకల్పమేనన్నది సమాధానం. జాతకర్మలో బిడ్డకు మేధ కలగాలని తేనె, నెయ్యి నాకిస్తారు. ఏడాది లోపు పిల్లలకు తేనెలోని సూక్ష్మజీవుల వల్ల బాట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చని ఇప్పుడు తెలిసింది కాబట్టి, తేనెను మాని, ఆ సంకల్పాన్ని తల్లిపాలతో నెరవేర్చడం శ్రద్ధకు లోపం కాదు. పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టడం, మొదటి స్నానాన్ని కనీసం ఒక రోజు ఆపడం, బొడ్డును ఏమీ పూయకుండా పొడిగా ఉంచడం, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచడం నేటి పురిటి నియమాలు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడడానికి ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త, చరకుడు చెప్పిన మేలుకొని ఉండే ఆప్తురాలి స్థానంలో ఉంది.

పురుడు పాటించే ఇళ్ళు పాటించవచ్చు; అయితే శౌచ నియమం బాలింత మీద కాకుండా ఆమెను చూడవచ్చే వారందరి మీద ఉండాలి. గడప దాటేముందు చేతులు కడుక్కోవడమే పురిటి గదిలో మొదటి పూజ.