మంజరి ఎవరు?



"ఎవరి కథ అన్నా ఇది?" మా నెల్లూరు జిల్లాలో ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా 'పాకుడురాళ్ళు' నవల చేతులు మారినప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఇదే. ఫలానా నటి అని ఒకరంటారు. కాదబ్బా, ఇంకొకామె అని మరొకరు. టీ బంకు దగ్గర పొద్దు గడవడానికి ఇంతకంటే మంచి పంచాయితీ దొరకదు. నాకు మాత్రం ఆ లెక్క తేలకపోవడమే ఇష్టం. ఆ నవల నాయిక, సినిమా తార మంజరి ఫలానా మనిషని తేలిందంటే, సినిమా లోకం కాస్తా ఒక్కరి ఇంటిగుట్టుగా కుంచించుకుపోతుంది.

ఈ నవల రాసిన రావూరి భరద్వాజ హైస్కూలు చదువు పూర్తిచేసిన మనిషి కాదు. కూలిపనులూ ప్రెస్సు పనులూ చేస్తూ తనంతట తాను చదువుకున్నారు. 1946లో నెల్లూరు వచ్చి 'జమీన్ రైతు' వారపత్రికలో చేరారు. అప్పటికింకా ఇరవై ఏళ్ళు నిండలేదు. తర్వాత 'చిత్రసీమ', 'సినిమా' లాంటి పత్రికల్లో పనిచేశారు. తారలను అభిమాని చూసే దూరం వేరు, వాళ్ళ గురించి రాసి పూట గడుపుకునేవాడు చూసే దూరం వేరు. ఆ రెండో దూరం నుంచి చూసిన నవల ఇది. 1959 నుంచి 1987 దాకా ఆయన హైదరాబాదు ఆకాశవాణిలో ఉన్నారు. కాబట్టి పొద్దున్నే రేడియోలో ఆయన మాట ఎత్తితే పరాయివాళ్ళ సంగతి చెప్పినట్టు ఉండదు.

కథలో మంగమ్మ గుంటూరు నాటకాల పిల్ల. మంజరి అయింది, మద్రాసు చేరింది, పెద్ద తార అయింది. నెల్లూరు జిల్లావాళ్ళకు ఈ దారి కొత్తేమీ కాదు. శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసిన రమణారెడ్డి, రెవెన్యూలో పనిచేస్తూ నాటకాలాడిన రాజనాల, ఈ నటులిద్దరూ ఆ దారినే మద్రాసు వెళ్ళారు. వాళ్ళూ కష్టాలు పడ్డారు. రాజనాల చివరి రోజులు ఎంత దయనీయంగా గడిచాయో తెలిసిందే. అయితే వాళ్ళకు వెనక ఒక ఉద్యోగం ఉండేది, ఊళ్ళో ఒక పరువు ఉండేది. వేషాలు దొరక్కపోతే తిరిగి రావచ్చు, నలుగురూ నాలుగు రోజులు నవ్వి ఊరుకుంటారు. మంగమ్మకు తిరిగి వచ్చే చోటే లేదు. నాటకాల్లో వేషం కట్టిన ఆడపిల్లను ఊరు అప్పటికే ఒక లెక్కలో వేసేసింది. అందుకే ఆమె వేసే ప్రతి అడుగూ ముందుకే.

నాకు ఈ పుస్తకం మీద ప్రేమ పుట్టింది అక్కడే. భరద్వాజ ఆమెను అమాయకురాలిని చేసి మన చేత కన్నీళ్ళు పెట్టించలేదు. మంజరి తెలివైంది, అవసరమైతే కఠినురాలు. తనను వాడుకున్నవాళ్ళ దగ్గరే వాడుకోవడం నేర్చుకుంది. ఎదుటివాడి బలహీనత ఎక్కడుందో చప్పున పట్టేస్తుంది. కొన్ని పేజీల్లో ఆమె మీద నాకు ఒళ్ళు మండుతుంది. మండినా పుస్తకం మూయబుద్ధి కాదు, ఎందుకంటే ఆ విద్య ఆమెకు నేర్పిన పెద్దమనుషులు ఒక్కొక్కరూ అంతకు ముందు పేజీల్లోనే కనిపిస్తారు. సినిమాను ఈ నవల కల అనదు, పని అంటుంది. ఎవరికి ఎంత ముట్టింది, ఎవరికి ఎగ్గొట్టారు, ఎవరు ఎవరి ముందు చేతులు కట్టుకున్నారు అన్నదే కథంతా. కరువొస్తే చెన్నైకో బెంగళూరుకో పనికి పోయే మా మెట్టవాళ్ళకు ఈ భాష చప్పున ఎక్కుతుంది. మేస్త్రీ ఇస్తానన్న కూలికీ, ఇచ్చిన కూలికీ తేడా వాళ్ళకొకరు చెప్పాలా?

'కృష్ణాపత్రిక'లో ధారావాహికగా వచ్చినప్పుడు దీని పేరు 'మాయ జలతారు'. 'పాకుడురాళ్ళు' అన్న పేరు రచయిత శీలా వీర్రాజు సూచించారు. అదే నిలిచింది, మంచిదే అయింది. 2012 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం 2013లో ప్రకటించేనాటికి భరద్వాజకు ఎనభై అయిదేళ్ళు. విశ్వనాథ సత్యనారాయణ, సి. నారాయణరెడ్డిల తర్వాత తెలుగులో ఆ గౌరవం ఆయనదే. అదే ఏడాది అక్టోబరులో వెళ్ళిపోయారు.

ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. పుస్తకం పెద్దది. వారం వారం వచ్చిన కథ కాబట్టి కొన్నిచోట్ల సాగుతుంది, చెప్పిందే మళ్ళీ చెబుతుంది. ఒక్క బిగిన చదవాలని కూర్చుంటే విసుగొస్తుంది. దీన్ని పత్రికలో చదివినట్టే చదవాలి, రోజుకు కొంచెం. మీ ఊరి గ్రంథాలయంలో అడిగి చూడండి. ఎవరైనా తీసుకుపోయి ఉంటే, వాళ్ళు తిరిగి ఇచ్చేటప్పుడు మంజరి ఎవరో మీకు చెప్పబోతారు. చెప్పనివ్వకండి.