నోరు మూసుకున్న తల్లి

చీమ మనకి పొదుపు నేర్పింది, కాకి ఐకమత్యం నేర్పింది. ఇప్పుడు చేప కూడా ఆడవాళ్ళకి ఒక పాఠం చెప్పడం మొదలుపెట్టింది.

మా మేడమీది అబ్బాయి గాజుతొట్టెలో ఎల్లో ల్యాబ్ అనే చేపల్ని పెంచుతున్నాడు. పసుపుకొమ్ముల్లా ఉంటాయి, వీపు రెక్కకి నల్లంచు. వాటి పుట్టిల్లు ఆఫ్రికాలోని మలావీ సరస్సు. సిక్లిడ్ల కుటుంబం. మన చేపలబజార్లో కనిపించే తిలాపియా కూడా వాటి చుట్టమే. ఈ ఆడచేప గుడ్లు పెట్టగానే నోట్లోకి తీసుకుంటుంది. అవి పిల్లలై బయట ఈదేదాకా, సుమారు 3 వారాలు, దాదాపు ఉపవాసమే. దవడలు ఉబ్బి, ఒళ్ళు చిక్కి, ఓ మూల రాళ్ళ చాటున నిలబడి ఉంటుంది. తండ్రిచేప ఆ దరిదాపులకి రాదు. ఇంకో ఆడచేప ముందు రెక్కలాడిస్తూ తిరుగుతుంటుంది.

అది చూసి పక్కవాటా పెద్దావిడ కళ్ళొత్తుకున్నారు. "చూశావా అమ్మాయ్, తల్లంటే అదీ! ప్రకృతి ధర్మం. చేపకున్న ఇంగితం ఈ కాలం పిల్లలకేదీ?" అన్నారు, కోడలికి వినపడేలాగే. ఆ కోడలు చంటిబిడ్డ తల్లి. ఆ పూట రెండు గంటలయినా ఇంకా అన్నం తినలేదు.

ప్రకృతి ధర్మం సరే, ఏ చేప ప్రకృతి? అదే ఆఫ్రికాలో టాంగన్యికా అనే మరో సరస్సుంది. అక్కడి ఎరెట్‌మోడస్ అనే సిక్లిడ్ తల్లి కొన్నాళ్ళు మోసి, పిల్లల్ని తండ్రి నోటికి అప్పగిస్తుంది. మిగతా రోజులు ఆయనగారి వంతు! ఆ సరస్సులోనే బ్రిచార్డీ చేపల్లో ముందు పుట్టిన పిల్లలు ఇల్లు కదలకుండా చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ కాపలా కాస్తాయి. నైజీరియా వాగుల్లోని క్రిబెన్సిస్ దంపతులు ఇద్దరూ కలిసి పిల్లల్ని కాచుకుంటాయి. అన్నీ సిక్లిడ్లే. అన్నీ ప్రకృతి ధర్మాలే. మనం మాత్రం మనకి కావలసిన చేపనే ఏరుకుని నీతి చెప్పుకుంటాం.

ఇంకో సంగతి. చేప ఉపవాసాన్ని త్యాగం అనొచ్చా? దానికి వేరే దారి లేదు. తినాలా మానాలా అని అది ఆలోచించుకోలేదు. మనిషికి ఆ ఆలోచన ఉంది కాబట్టే త్యాగానికి విలువ. తనంతట తాను వదులుకున్న ముద్ద త్యాగం. వదులుకోక తప్పని ముద్ద వట్టి ఆకలి. పేరు మార్చినంత మాత్రాన కడుపు నిండదు కదా!

ఈ మాట ఆ పెద్దావిడతో అనడానికి నాకు నోరు రాలేదు. ఆవిడా నలభై ఏళ్ళు చివరి బంతిలోనే తిన్నారు, అడుగూ బొడుగూ. అది ధర్మం కాదంటే ఆ నలభై ఏళ్ళ ఆకలికి అర్థం ఏం మిగులుతుంది? అందుకే ఆవిడకి ఆ చేప అంత అవసరం. ఆవిడ పడ్డ కష్టానికి చేతులెత్తి నమస్కరించాల్సిందే. కానీ గౌరవించడం వేరు, ఆ ఆకలిని కాసులపేరులా కోడలి మెళ్ళో వెయ్యడం వేరు.

పోనీ, చేపనే ఆదర్శంగా తీసుకుందామా? తీసుకుంటే మొత్తం తీసుకోవాలి. మలావీ తల్లికి ఉపవాసం మూడు వారాలే. ఆ తర్వాత నోరు తెరుస్తుంది. పిల్లల్ని వదలడానికే కాదు, తన తిండి తాను తినడానికి కూడా.