దీపం పురుగుది తప్పా, దీపం పెట్టినవాడిదా?



భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెప్తాడు. భూమి, గాలి, సముద్రం, కొండచిలువ... ఆ వరసలో శలభం కూడా ఉంది. అదే, మన దీపం పురుగు. రూపానికి ఆశపడి మంటలో పడే ఆ పురుగుని చూసి, చూపుని అదుపులో పెట్టుకోవాలని నేర్చుకున్నానంటాడాయన. గీత 11వ అధ్యాయంలో అర్జునుడు కూడా శలభాల పోలికే తెస్తాడు. చిన్నప్పటి నుంచి వింటున్న మాట కాబట్టి నేనెప్పుడూ రెండోసారి ఆలోచించలేదు. పైగా ఆ మాటని మా తమ్ముడి మీద వాడాను.

వాడు రాత్రిళ్లు ఫోన్‌లో పేకాట ఆడి, దాచుకున్న డబ్బంతా పోగొట్టుకున్నాడు. విషయం తెలిశాక అమ్మ ముందే, "నీకూ దీపం పురుగుకీ తేడా ఏముందిరా?" అన్నాను. వాడు తల దించుకున్నాడు. ఆ తర్వాత నాకు ఫోన్ చేయడం మానేశాడు.

ఈ జూలై ఆఖరి వారంలో ఒక స్నేహితుడు, "సాయంత్రం పురుగులు చూద్దాం రా" అని పిలిచాడు. జూలైలో ఏటా ఒక వారం రోజులు చాలా దేశాల్లో ఇలా రాత్రిపూట మాత్‌లని చూసి లెక్క రాస్తారట. 2012లో అమెరికాలో మొదలైన అలవాటు. సింహాచలం కొండ కింద, అడవివరం వైపు ఒక డాబా మీద పదిమంది వాలంటీర్లు చేరారు. తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు బల్బు వేలాడదీశారు. అంతే ఏర్పాటు. అంతకుముందు వాన పడి వెలిసింది, గాలి లేదు. అరగంటలో దుప్పటి నిండిపోయింది. ఎండుటాకులా ఒకటి, చెట్టు బెరడులా ఒకటి, బియ్యపు గింజంత తెల్లవి ఎన్నో. ఎవరూ చేత్తో ముట్టుకోలేదు. ఫోటో తీసుకుని, టైమ్ రాసుకుంటున్నారు.

నేను ఊరుకోకుండా, "చూశారా మాస్టారూ, ఆశ ఎంత పని చేస్తుందో" అన్నాను. ఆయన రిటైరైన సైన్సు లెక్చరర్. నవ్వి, "ఆశ కాదు బాబూ, అది ఆకాశమనుకుంటోంది" అన్నారు.

ఇంటికొచ్చి చదివితే నిజమే. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. హై స్పీడ్ కెమెరాలతో చూస్తే, పురుగులు తిన్నగా దీపంలోకి దూకడం లేదు. వీపుని వెలుగు వైపు తిప్పుకుంటున్నాయి. కోట్ల ఏళ్లుగా రాత్రిపూట నేల కన్నా ఆకాశమే కాస్త వెలుగుగా ఉండేది. అందుకని వెలుగున్న వైపు పైన అని వాటి ఒంటికి తెలుసు. పక్కన బల్బు పెడితే, వీపు అటు తిప్పుతూ తిప్పుతూ చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. వెలుగు కింద నుంచి వస్తే తలకిందులై పడిపోతాయి. పైన ఆకాశంలా పరుచుకుంటే మామూలుగానే ఎగిరిపోతాయి.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కదండీ, నాకు ఇలా అర్థమైంది: కోడ్‌లో బగ్ లేదు, ఇన్‌పుట్ మనం మార్చేశాం.

మరి అవధూత చెప్పింది తప్పా? నేనలా అనుకోను. ఆయన ఆ పురుగుని మూర్ఖుడనలేదు, గురువన్నాడు. గురువుని ఎవరైనా వేళాకోళం చేస్తారా? ఆ పాఠం ఆయన తన కోసం తీసుకున్నాడు, నేను తమ్ముడి మీదకి విసిరాను. తేడా అక్కడుంది.

అయితే, "పురుగుకి బుద్ధి లేదు, మనిషికి ఉంది, మీ తమ్ముడు ఫోన్ కట్టేయొచ్చుగా" అని మీరు అడగొచ్చు. నిజమేనండి. వాడి బాధ్యత వాడిదే, అది ఎక్కడికీ పోదు. కానీ దీపం పెట్టినవాడికీ బుద్ధి ఉంది కదా! స్విచ్ వాడి చేతిలోనే ఉంది.

ఈ మాట రాస్తుంటే నాకే గుచ్చుకుంటోంది. నేను పని చేసేది ఒక షాపింగ్ యాప్‌లో. రాత్రి 11 గంటలకి, మనిషి అలిసిపోయి మంచం మీద ఫోన్ పట్టుకునే టైమ్ చూసి "మీ కోసం ఆఫర్" అని నోటిఫికేషన్ పంపే కోడ్ రాసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. తమ్ముడి ముందు వెలిగిన దీపం నాది కాకపోవచ్చు. ఇంకెవరి తమ్ముడి ముందో వెలిగింది నాదే.

వెలుగే చెడ్డదని కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు చూసే ఓడలు దారి తెలుసుకుంటాయి. మనం దేవుడి ముందు దీపం పెట్టడమూ మానక్కర్లేదు, చుట్టూ గాజు చిమ్నీ పెడితే చాలు. వరండాలో తెల్ల లైటు బదులు పసుపు లైటు వేసి, పడుకునేముందు ఆపేస్తే పురుగులు తక్కువ చిక్కుకుంటాయి. ఎవరి కోసం వెలిగించాం, ఎంతసేపు వెలిగించాం, ఎవరు చిక్కుకుంటున్నారు? ఇవి వెలిగించినవాడు అడుక్కోవాల్సిన ప్రశ్నలు.

ఆ రాత్రి పదిన్నరకి మాస్టారు లైటు ఆపించారు. "ఇంకో గంట ఉంచుదామండీ" అని ఒక కుర్రాడు బతిమాలాడు. "కొన్నిటికి పెద్దయ్యాక తినడానికి నోరే పనిచేయదు. బతికేది వారం పది రోజులు. అందులో ఒక రాత్రి మనం తీసేసుకున్నాం, ఇక చాలు" అన్నారాయన. అందరం చీకట్లో కదలకుండా నిలబడ్డాం. కాసేపటికి ఒక్కొక్కటీ లేచి, కొండ వైపు వెళ్లిపోయాయి.

సోమవారం ఆఫీసులో, రాత్రి 10 దాటాక నోటిఫికేషన్లు ఆపేద్దామని అడిగాను. "నంబర్లు పడిపోతాయి" అన్నారు. మళ్లీ అడుగుతాను. సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి, "ఆ రోజు అలా అనకూడదురా, తప్పు నాదే" అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నయ్యా, భోంచేశావా?" అన్నాడు.

ఈ రోజు దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి చుట్టూ చూడండి.

శుభం.