ఏ నీళ్లు పోశావు?

మార్కాపురంలో పాలిటెక్నిక్ చదివే అమ్మాయి ఒకతె ఉండేది. తండ్రి పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మిద్దె మీద ట్యాంకు నిండి నీళ్లు వీధిలోకి పారినప్పుడల్లా తల్లి మోటారునీ మొగుణ్ణీ కలిపి తిట్టేది. వందల అడుగుల లోతు బోరు నుంచి తోడుకున్న నీళ్లు మరి!

ఆ అమ్మాయి కంప్యూటర్‌లో ఒక సర్క్యూట్ గీసింది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకటి, దాని బేస్‌కు 10 వేల ఓముల రెసిస్టర్, ఒక చిన్న బజర్. ట్యాంకు అంచున రెండు తీగలు వేలాడతాయి. నీళ్లు వాటిని తాకగానే బజర్ మోగాలి. సాఫ్ట్‌వేర్‌లో నీళ్ల బొమ్మ ఉండదు కాబట్టి, వాటి బదులు ఇంకో 10 వేల ఓముల రెసిస్టర్ పెట్టింది. రన్ నొక్కింది. బేస్‌లోకి 0.4 మిల్లీఆంపియర్లు పోయాయి, బజర్‌కు కావలసిన 20 సులువుగా వచ్చాయి. సామాన్లు కొని అతికించి మిద్దె మీద పెడితే అక్కడా మోగింది. వీధంతా మెచ్చుకుంది.

ఆ మెప్పు విని మినరల్ వాటర్ ప్లాంటు నడిపే బాబాయి తన స్టీలు ట్యాంకుకూ ఒకటి చేసివ్వమన్నాడు. అచ్చం అదే చేసిచ్చింది. తెల్లారేసరికి ప్లాంటు గదంతా నీళ్లు. బజర్ కుయ్యిమనలేదు.

ఇంటికొచ్చి మళ్లీ రన్ నొక్కింది. మోగింది. పదిసార్లు నొక్కినా మోగుతూనే ఉంది. బజర్ మార్చింది, ట్రాన్సిస్టర్ మార్చింది, దుకాణంవాడు నకిలీ సరుకు అంటగట్టాడనుకుంది. చివరికి మోటార్లకు వైండింగ్ కట్టే తాత దగ్గరికి పోయింది.

తాత స్క్రీన్ వంక చూసి, "నీ కంప్యూటర్‌లో ఏ నీళ్లు పోశావమ్మాయ్?" అన్నాడు.

"నీళ్లు నీళ్లే గదా తాతా!"

"మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. ఫ్లోరైడని భయపడే గదా జనం క్యాన్లు కొనేది? ఆ ప్లాంటులో ఉప్పు దాదాపు అంతా తీసేస్తారు. ఉప్పు పోయాక అందులో కరెంటు దేన్ని పట్టుకుని నడవాల?"

ఇద్దరూ మీటరు తీసుకుని ప్లాంటుకు పోయారు. తీగల మధ్య ఫిల్టర్ నీళ్లు రెండు లక్షల ఓముల దరిదాపుల్లో చూపించాయి. ఆ అంకె సాఫ్ట్‌వేర్‌లో వేయగానే తెర మీద కూడా బజర్ మూగబోయింది. అమ్మాయి ఇంకో ట్రాన్సిస్టర్‌ను మొదటిదాని వెనక జోడించి, ఒకటి పెంచిన కరెంటును ఇంకొకటి మళ్లీ పెంచేలా డార్లింగ్టన్ జతగా కట్టింది. ఈసారి తెర మీదా మోగింది, ప్లాంటులోనూ మోగింది.

నీతి: తెర మీద వచ్చేది మనం వేసిన అంకెకు జవాబు, మన ట్యాంకుకు కాదు.

దీన్నిబట్టి సిమ్యులేషన్‌ను తీసిపారేస్తే తాత మాట సగమే విన్నట్టు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మూలమైన స్పైస్ 1973లో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. చిప్ తయారయ్యాక లోపల తీగ మార్చడం కుదరదు కాబట్టి ముందే లెక్క కట్టాల్సి వచ్చింది. స్పైస్ సర్క్యూట్‌లోని ప్రతి ముడి దగ్గరా వచ్చే కరెంటునూ పోయే కరెంటునూ సరిచూస్తుంది. ఆ లెక్కలో తప్పు పోదు. 10 వేలు ఎక్కడి నుంచి తెచ్చావని మాత్రం అడగదు. మన అమ్మాయి బజర్‌నీ దుకాణదారునీ అనుమానించింది గానీ, తను వేసిన అంకెను అనుమానించలేదు. తన చేత్తో వేసింది కాబట్టే దాని మీద చూపు పోలేదు.

గిద్దలూరులోనో కంభంలోనో ఈ పని చేయబోయే పిల్లలు ఐఐటీ బొంబాయివాళ్లు ఉచితంగా ఇచ్చే ఈసిమ్ సాఫ్ట్‌వేర్‌లో నీళ్ల రెసిస్టర్‌ను ఒక్క అంకె దగ్గర ఆపకుండా, వెయ్యి ఓముల నుంచి ఐదు లక్షల దాకా నడిపించి చూడొచ్చు. గెయిన్ 200 ఉన్న, అంటే బేస్ కరెంటును 200 రెట్లు చేసే, ఒక్క ట్రాన్సిస్టరైతే 70 వేలు దాటాక బజర్ నీరసిస్తుంది. ఆ హద్దు కాగితం మీద రాసుకుని, మీటరుతో ట్యాంకు దగ్గరికి పోవాలి. రాగి తీగలకు బదులు స్టీలు మరలు పట్టుకుపోతే ఇంకా మేలు. బ్యాటరీ కరెంటు పారే ఉప్పు నీళ్లలో రాగి కొసలు కొన్నాళ్లకు అరిగిపోతాయి. ఆ సంగతి ఏ రెసిస్టర్ బొమ్మా చూపించదు.