అమ్మ ఒంట్లో ఎలా ఉంది?

విశాఖ బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర కూర్చున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఓడలూ ఫిరంగులూ కాదు, ఒక టెలిగ్రాం.

1971లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. నాగర్‌కోయిల్‌లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో, కుర్రతనంలోనే శౌర్య పతకం అందుకున్నారు. అప్పుడాయన నీళ్ల మీద ఉన్నారు. హోదా పెరిగేకొద్దీ నావికుడికి సముద్రం దూరమై బల్ల దగ్గరవుతుంది కాబోలు. 1971లో ఆయన యుద్ధం చాలావరకు బల్ల మీదే నడిచింది.

విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వస్తోంది. విక్రాంత్‌ను గుట్టుగా అండమాన్ వైపు పంపేసి, అది విశాఖ చుట్టుపక్కలే ఉందని నమ్మించాలి. ఊళ్లో కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు బోలెడు పురమాయించారు, గూఢచారుల చెవిన పడాలని. రేపోమాపో సర్వీసు నుంచి తప్పించబోయే రాజ్‌పుత్ అనే ముసలి ఓడ చేత వైర్‌లెస్‌లో విక్రాంత్ వేషం కట్టించారు. ఆ వేషంలో భాగమే టెలిగ్రాం: జబ్బుపడ్డ అమ్మకు ఎలా ఉందని ఒక నావికుడు అడుగుతున్నట్టు, కోడ్ లేకుండా.

ఆ జబ్బూ లేదు, విక్రాంత్ అక్కడ లేనే లేదు. శత్రువు కూడా అనుమానించని మాట ఏదని వెతికితే కృష్ణన్‌కు అమ్మ తట్టింది. నాకిది గొప్పగానూ ఉంటుంది, కొంచెం ఇబ్బందిగానూ ఉంటుంది.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక రేవు బయట పేలుడు. తెల్లారాక జాలర్లు లైఫ్ జాకెట్ తెచ్చి చూపించారు. ఘాజీ మునిగిపోయింది. రాజ్‌పుత్ వదిలిన రెండు డెప్త్ చార్జీల వల్లా, లేక తానే పరిచిన మందుపాతర వల్లా అన్న తగవు ఈనాటికీ తెగలేదు. అందులోని తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. ఆ టెలిగ్రాం వాళ్ల చెవిన పడిందో లేదో చెప్పేవాళ్లే లేరు. యుద్ధం చివర ఢాకాలో పాకిస్తాన్ సేనాని నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫొటోలో వెనక వరసలో కృష్ణన్ నిలబడి ఉంటారు. ఆ ముఖంలో దీనికి జవాబు కోసం చాలాసార్లు చూశాను, దొరకలేదు.

ఆ రాత్రి మా పెదనాన్న వాళ్లింట్లో కిటికీ అద్దం పగిలింది. దానికి అతికించిన కాగితాన్ని పెద్దమ్మ చాలా ఏళ్లు తీయనివ్వలేదు. గెలిచాం కదా, ఇంకెందుకది అని నేనంటే, చేట పక్కన పెట్టి, “అందులో ఉన్నోళ్లూ కుర్రోళ్లేరా” అంది.