వేలిముద్రకు అర్థం చెప్పేదెవరు?

మా బీరువాలో పాసుపుస్తకాల కింద ఒక సీడీ ఉంది. అందులో మా అమ్మ తల ఉంది. ఆమె పోయే ముందు తీయించిన సీటీ స్కాన్ అది. మొన్న ఆదివారం తిరుత్తణికి వచ్చిన మా మేనల్లుడు, "మామా, అవ్వ సీడీ ఇస్తావా?" అని అడిగాడు. వాడు చెన్నైలో యానిమేషన్ చదువుతున్నాడు. వైద్యం చదివే స్నేహితుడితో కలిసి, మనిషి తలను లోపలా బయటా తిప్పి చూపే ప్రదర్శన ఒకటి తయారు చేస్తున్నాడట. "పేరు పెట్టంలే" అన్నాడు. మా చెల్లెలు మాత్రం, "అమ్మ తల ఊరంతా చూడాల్నా?" అంది.

నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. స్కాన్ సంగతి వాడు చెబితే నాకు లెక్కల భాషలోనే అర్థమైంది. 1971లో లండన్‌లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటిసారి ఒక రోగి తలను చూపింది. ఎక్స్ కిరణాలు ఎక్కడెక్కడ ఎంత ఆగిపోయాయో కొలిచి, ప్రతి చుక్కకూ ఒక అంకె వేస్తుంది. నీటికి సున్న, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు 1000, ఆపైన కూడా. అంటే అదొక పెద్ద లెడ్జరు. అందులో రంగు లేదు. ఈ అంకె నుంచి ఈ అంకె దాకా ఎముక, దానికి దంతపు రంగు, ఇది రక్తనాళం, దానికి ఎరుపు అని నిర్ణయించేది మనిషి. కళాకారుడికి పని దొరికేది అక్కడే.

ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో ఆర్స్ ఎలెక్ట్రానికా సెంటరు అని మీడియా కళాకారుల కూడలి ఒకటుంది. అక్కడ 16 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల ఎత్తు గల గోడ మీద, రేడియాలజిస్టు ఫ్రాంజ్ ఫెల్నర్ మనిషి శరీరాన్ని మామూలు జనానికి చూపి వివరించాడు. యానిమేషన్ సినిమాలలో వెలుగునీడలను లెక్కగట్టే పద్ధతిని సీమెన్స్ ఇంజనీర్లు స్కాన్లకు తెచ్చారు. అంకెలు రక్తమాంసాలుగా కనబడ్డాయి. రోగికి తన జబ్బు అర్థమైతే, విద్యార్థికి శరీరం తెలిస్తే, అది మేలే కదా! కాదనడానికి నేనెవరిని?

కాని ఆ శరీరం ఎవరిదో ఒకరిది. జోసెఫ్ పాల్ జెర్నిగన్ అనే ఖైదీకి 1993లో టెక్సాస్‌లో మరణశిక్ష అమలైంది. తన శరీరాన్ని విజ్ఞానశాస్త్రానికి ఇస్తానని అతడు ఒప్పుకున్నాడు. దాన్ని మిల్లీమీటరు మందాన 1,871 పొరలుగా తీసి, ఆ ఫోటోలను 1994లో విడుదల చేశారు. శాస్త్రజ్ఞులూ కళాకారులూ ఎందరో వాడుకున్నారు. ఒప్పుకున్నవాడు ఇదంతా ఊహించి ఉంటాడా? మన పక్కనే, మద్రాసు ఐఐటీ 2024లో 'ధరణి' పేరుతో గర్భస్థ శిశువు మెదడు పటాన్ని 5,132 పొరలతో ప్రపంచానికంతా ఉచితంగా అందించింది. గొప్ప పని. అయితే శిశువు సంతకం పెట్టలేదు. పెట్టలేనివాళ్ల తరఫున ఎవరో ఒకరు ఆలోచించాలి.

1960లో మన తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం తమిళమో ఇంగ్లీషో. తిరువళ్ళూరులో మా బ్రాంచికి వచ్చే ముసలమ్మలు వేలిముద్ర వేసే ముందు, కాగితంలో ఉన్నదంతా తెలుగులో చదివి చెబుతాను. చెప్పినట్టు రాసి సంతకం పెడతాను. చెప్పకుండా వేయించిన ముద్ర వట్టి సిరా మరక. ఎన్నో ఏళ్లుగా ఇది నా నియమం.

స్కాన్‌కు ముందు అమ్మ కూడా ఒక కాగితం మీద వేలిముద్ర వేసింది. "ఏముందిరా ఇందులో?" అని అడిగింది. పక్కనే ఉన్న నేను, "ఏం లేదమ్మా, వెయ్యి" అన్నాను. ఊళ్లోవాళ్లకు చదివి చెప్పేవాణ్ణి, కన్నతల్లికి చెప్పలేదు.

అందుకే మేనల్లుడితో, "ముందు మాకు చూపు" అన్నాను. వాడు కంప్యూటరులో సీడీ పెట్టి ఎముక చూపాడు. చెల్లెలు మాట్లాడకుండా చూసింది. తర్వాత చర్మం అంకెలు ఎంచుకున్నాడు. అమ్మ ముఖం వచ్చింది! అదే ముక్కు, కమ్మల బరువుకు సాగిన అవే చెవులు. పేరు తీసేస్తే చాలనుకున్న వాడు కూడా నోరెత్తలేదు. "ఆ రంగేమిరా? అమ్మ చామనఛాయ కదా" అంది చెల్లెలు. "రంగు నేనే వేసినానమ్మా" అన్నాడు వాడు.

బ్యాంకులో నామినీ సొత్తుకు యజమాని కాడు, వారసుల తరఫున పుచ్చుకునే ధర్మకర్త మాత్రమే. అమ్మ బొమ్మకు మేమూ అంతే. కళాకారుడూ శాస్త్రజ్ఞుడూ అంతకంటే ఎక్కువ కాదు. అందంగా చూపే హక్కు వాళ్లకుంది. ఎవరు ఇచ్చారో మరచిపోయే హక్కు, తాము వేసిన రంగును శరీరం రంగని నమ్మించే హక్కు లేవు.

ఒక తెల్లకాగితం తీసి తెలుగులో రాశాను. ఎముకలు చూపవచ్చు, ముఖం చూపరాదు. రంగులు మేము ఎంచుకున్నవి అని బొమ్మ కిందనే రాయాలి. ఈ ప్రదర్శనకు తప్ప మరి దేనికైనా మళ్లీ అడగాలి. చెల్లెలికి రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి విన్నాక ఆమె సంతకం పెట్టింది. తర్వాత నేను పెట్టాను.