కాలానికి లెక్క ఎవరు చెప్పాలి?

సమయపాలన సద్గుణమని మనం విద్యార్థులకు బోధిస్తూ ఉంటాం. గుణం మంచిదే. కాని ఒక సాంఘిక సమస్యకు వ్యక్తిగత సద్గుణాన్ని పరిష్కారంగా చూపినప్పుడల్లా, దాని చాటున ఎవరి బాధ్యత మాయమవుతున్నదో చూడటం మన విధి.

మా కళాశాలలో బి.కాం. చదివి, ప్రస్తుతం విజయవాడలో చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షలకు తయారవుతున్న ఒక యువకుడు ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. పగలు ఆడిటరు ఆఫీసులో ఆర్టికల్‌షిప్. సాయంత్రం ఒక కొట్లో పద్దులు రాయడం. మిగిలిన రాత్రి చదువు. ఆర్టికల్‌షిప్‌లో ఉన్నవాడు ముందస్తు అనుమతి లేకుండా వేరే వ్యాపకం పెట్టుకోరాదని నిబంధన. అడిగితే ఒప్పుకోరన్న భయంతో అతడు అడగలేదు. "రేపు పదిమంది లెక్కలు నిజమని సంతకం పెట్టవలసినవాణ్ణి. ఇవాళ నా రోజు లెక్కే దాస్తున్నాను. ఇది తప్పేనా మాస్టారూ?" అన్నాడు.

దీనికి సులభమైన జవాబులు రెండున్నాయి. నిబంధన నిబంధనే, చేతకాకపోతే చదువు మానుకోవాలంటాడు నీతివాది. ఆకలికి నిబంధన లేదు, అది ఉన్నవాళ్లు రాసుకున్నదే కదా అంటారు మన మిత్రులు కొందరు. రెండూ ఆలోచనను ఎగవేసే జవాబులే.

ముందు నిబంధన సంగతి చూద్దాం. ఇంగ్లండులో చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకు 1880లో రాజశాసనం లభించింది. ఆ కాలంలో పని నేర్చుకునే గుమాస్తాయే యజమానికి ప్రీమియం చెల్లించేవాడు. అంటే ఆ వృత్తి కలవారి బిడ్డలకే. మన దేశంలో 1949 చట్టం కింద ఆ ఏడాది జూలై 1న ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. నేడు శిక్షణ పొందేవాడు డబ్బు కట్టడు. అతనికే స్టైపెండ్ ఇస్తారు. ఇది పురోగతి కాదనలేం. అయితే కనీస స్టైపెండును నిర్ణయించేది ఊరి జనాభా, శిక్షణలో ఎన్నో ఏడు అన్నదీ. అతని గది అద్దె కాదు. 2023 జూలై నుంచి శిక్షణను మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. ఫైనల్ పరీక్షకు ముందు ఆరు నెలలు చదువుకే వదిలారు. చదువుకు తీరిక కావాలని ఒప్పుకున్నందుకు సంతోషమే. కాని ఆ ఆరు నెలలూ బియ్యం కొనేదెవరు? ఇంటి దగ్గర పెట్టేవాళ్లున్నారన్న ఊహ మీదనే ఈ ఏర్పాటంతా నిలిచి ఉంది.

పని చదువుకు శత్రువని మాత్రం మనం అనరాదు. సగం పూట ఫ్యాక్టరీలో, సగం పూట బడిలో గడిపిన పిల్లలు రోజంతా బడిలో కూర్చున్నవారికి తీసిపోలేదన్న ఇంగ్లండు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల పరిశీలనను మార్క్స్ 'కాపిటల్' మొదటి సంపుటంలో ఎత్తి చూపాడు. అయితే అక్కడ సగం పూటకు చట్టం హద్దు గీసింది. ఆర్టికల్‌షిప్ పని చదువులో భాగమే. వోచరును చేత పట్టుకొని చూసినవాడికే ఆడిట్ తెలుస్తుంది. కొట్లో పని అలాంటిది కాదు. అది చదువును కొనుక్కోవడానికి చదువుకోవలసిన కాలాన్నే అమ్ముకోవడం. ఈ రెంటినీ కలిపి "సమతూకం" అనడం మోసం.

మన పల్లెల్లో లెక్కలు ఆంధ్రలో కరణం చేతిలో, తెలంగాణలో పట్వారీ చేతిలో ఉండేవి. తరతరాలుగా ఆ విద్య కొన్ని ఇళ్ల గడప దాటలేదు. 1984లో ఆ పదవులే రద్దయ్యాయి. ఇవాళ పరీక్ష పుట్టుకను అడగదు. ప్రతి పేపరులో నూటికి 40, గ్రూపు మొత్తం మీద 50 అందరికీ ఒకటే. కాని ముందు గుమ్మం నుంచి వెళ్లిన పుట్టుక, తీరిక రూపంలో దొడ్డిదారిన తిరిగి వస్తున్నది. స్కూలు అన్న మాటకు మూలమైన గ్రీకు పదానికి తీరిక అనే అర్థం. ఆ తీరిక ఎవరికుందన్నదే ఇప్పటికీ ప్రశ్న.

మరి ఆ యువకుడి అబద్ధం? దాన్ని మనం దీవించరాదు. సత్యం కంప్యూటర్స్ పద్దుల్లో లేని నగదు 5,040 కోట్ల రూపాయలు ఉన్నట్టు చూపామని 2009 జనవరి 7న ఆ సంస్థ అధ్యక్షుడే ఒప్పుకున్నాడు. దొంగపద్దు రాసే ప్రతివాడూ అవసరం పేరే చెబుతాడు. అతని అవసరానికీ ఈ కుర్రవాడి అవసరానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. అయినా దాచడం అలవాటైన చేయి రేపు దేన్ని దాస్తుందో చెప్పలేం. నష్టపోయేది మదుపుదారూ, ఉద్యోగీ, సామాన్యుడూ.

కాని జంట పద్దు విధానంలో ఒక పక్క రాసి ఊరుకుంటే లెక్క సరిపోదు. అతడు దాచిన గంటలకు ఎదురుగా, అతనికి అందని జీతం ఎక్కడో ఒకచోట మిగిలింది. ఆ పద్దూ రాయాలి. బతకడానికి చాలే స్టైపెండు, పరిమితమైన గంటలకు వేరే పని చేసుకొనే హక్కు, చదువు సెలవుకు భత్యం: ఇవి ఒకరి సద్గుణంతో వచ్చేవి కావు, పదిమంది కలిసి అడిగితే వచ్చేవి.

ఆ యువకుడితో నేనన్నదిది: "తప్పే నాయనా. కాని అది నీ ఒక్కడి పద్దులో రాయవలసిన తప్పు కాదు. అనుమతి కోరుతూ కాగితం పెట్టు. నీలాంటివాళ్లు ఇంకెందరున్నారో కనుక్కో, వాళ్ల చేత కూడా పెట్టించు." భయపడుతూనే తలూపాడు. ఆ భయం నిజమైనది. దాన్ని అతని ఒక్కడికే వదిలిపెట్టకుండా ఉండటం అధ్యాపకులమైన మన వంతు.